ఫిల్ సంగతి తర్వాత, ముందు ఆల్బం వినండి
(హనుమకొండలో డ్రమ్స్ నేర్చుకుంటున్న యువతీయువకుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మీలో కొందరు చర్చిలో వాయిస్తారు, కొందరు పెళ్లి బరాత్‌లకు ప్యాడ్స్ వాయిస్తారు, కాలేజీ బ్యాండ్ వాళ్లూ ఉన్నారు. రాక్ వాయించాలని అందరికీ ఉంది. నేర్చుకునేది మాత్రం ఎక్కువగా ఫోన్‌లో అర నిమిషం వీడియోలు చూసి. ఆ అర నిమిషంలో కనిపించేది ఫిల్ ఒక్కటే, అంటే మామూలు బీటు వదిలి పాట మలుపులో వాయించే చిన్న విన్యాసం. దానికి ముందు మూడు నిమిషాలు ఆ డ్రమ్మర్ ఎంత అదుపులో ఉన్నాడో అందులో ఉండదు. అది తెలియాలంటే ఆల్బం మొత్తం, మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరుసగా వినాలి.

లెడ్ జెపెలిన్ నాలుగో ఆల్బం తీసుకోండి, 1971. దాని చివరి పాట ‘వెన్ ద లెవీ బ్రేక్స్’. ఇంగ్లండ్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో, మెట్ల కింది హాల్లో డ్రమ్స్ పెట్టి, పై మెట్ల నుంచి రెండు మైకులు వేలాడదీశారు. వాయించింది జాన్ బోనమ్. రెండే మైకులు, అవీ అంత దూరంలో. లోహపు పళ్లెం, అదే సింబల్, దాని మోత ఎక్కువైతే తర్వాత విడిగా తగ్గించే వీలు లేదు. కాలితో కొట్టే కిక్ డ్రమ్‌కీ, ముందుండే చిన్న డ్రమ్ స్నేర్‌కీ, సింబల్‌కీ మధ్య తూకం అతని చేతుల్లో, కాళ్లలోనే ఉండాలి. మనమేమో ఫంక్షన్ హాల్లో సౌండ్ బాగా రాకపోతే మైక్ సెట్ వాళ్ల మీద పడతాం! ఈ రాత్రి ఫోన్ గది మూలన పెట్టి మీ వాయింపు రికార్డ్ చేసుకోండి. హై-హ్యాట్, అంటే ఆ జంట సింబల్స్, తప్ప ఇంకేమీ వినబడకపోతే ఫోన్‌ని తిట్టకండి.

ఏసీ/డీసీ బ్యాండ్ ఆల్బం ‘బ్యాక్ ఇన్ బ్లాక్’, 1980. డ్రమ్మర్ పేరు ఫిల్ రడ్, కానీ ఇందులో దాదాపు ఫిల్సే వాయించడు. బోర్ అంటారు. సరే, ఆల్బం మొత్తం అతనితో పాటు ఒక్క ఫిల్ కూడా కలపకుండా వాయించి చూడండి. రెండో పాటకే చెయ్యి దురద పెడుతుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటికి వస్తాను. టోటో బ్యాండ్ 1982 ఆల్బం ‘టోటో 4’, అందులో మొదటి పాట ‘రోజానా’. డ్రమ్మర్ జెఫ్ పోర్కారో. ఈ బీట్‌ను హాఫ్ టైమ్ షఫుల్ అంటారు. ఒక్కో బీటును మూడు ముక్కలు చేసుకోండి. ఒకటో ముక్క, మూడో ముక్క హై-హ్యాట్ మీద. మధ్య ముక్క స్నేర్ మీద, వినీ వినబడనట్టు. గట్టి దెబ్బ నాలుగు బీట్లలో మూడో బీటు మీద మాత్రమే. ఆ వినీ వినబడని దెబ్బల్నే ఘోస్ట్ నోట్స్ అంటారు. అవి తీసేస్తే పాట కుంటుతుంది.

దీన్ని ఎక్కడి నుంచి తెచ్చుకున్నాడో పోర్కారోనే చెప్పాడు. స్టీలీ డాన్ బ్యాండ్ 1977 ఆల్బం ‘ఏజా’లో డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ వాయించిన షఫుల్ కొంత, 1979లో బోనమ్ ‘ఫూల్ ఇన్ ద రెయిన్’లో వాయించింది కొంత, కిక్‌లో పాత రాక్ గాయకుడు బో డిడ్లీ పేరున్న బీటు. స్టైల్ అంటే ఇదే. ఎవరి దగ్గర ఏం విన్నామో అదంతా కలిసి మన చేతిలో ఇంకో రకంగా పలకడం. నిర్వాణ బ్యాండ్ ఆల్బం ‘నెవర్‌మైండ్’లో డ్రమ్మర్ డేవ్ గ్రోల్ దెబ్బలు విని పంక్ అనుకుంటాం. ఆయనేమో గ్యాప్ బ్యాండ్ లాంటి ఫంక్, డిస్కో వాళ్ల దగ్గర తీసుకున్నానని చెప్పాడు.

మరి మీరు విన్నదేమిటి? పుట్టినప్పటి నుంచి డప్పు విన్నారు. డప్పు కొట్టే ఆయన చేతులు ఎప్పుడైనా గమనించారా? కుడిచేతి లావు పుల్ల, సిర్ర, గట్టి దెబ్బ వేస్తుంది. ఎడమచేతి సన్న పుల్ల, సిటికెన పుల్ల, మధ్య ఖాళీల్ని సన్నగా నింపుతుంది. ఘోస్ట్ నోట్స్ అంటే మీకు అర్థం కాదని నేను ఒప్పుకోను. తీన్మార్ కూడా మూడేసి ముక్కల నడకే. సంక్రాంతికి ఐలోని మల్లన్న జాతరకు వెళ్తే ఒగ్గు పూజారుల డోలు దగ్గర కాసేపు నిలబడి వినండి. అయితే రాక్ పాట మధ్యలో తీన్మార్ ఇరికించి ఫ్యూజన్ అనకండి, దానికి నేను చప్పట్లు కొట్టను.

ఇంకొకటి. రష్ బ్యాండ్ 1981 ఆల్బం ‘మూవింగ్ పిక్చర్స్’లో ‘వై వై జెడ్’ అని ఉంటుంది. టొరంటో విమానాశ్రయం కోడ్ అది. ఆ మూడు అక్షరాల్ని టెలిగ్రాఫ్ వాళ్ల చుక్కలు, గీతల భాష మోర్స్ కోడ్‌లో కొడితే వచ్చే లయతోనే పాట మొదలవుతుంది. ఈ పాటలో గీతకు రెండు మాత్రలు, చుక్కకు ఒకటి. గురువు, లఘువు అన్నమాట, బడిలో ఛందస్సు చదివారుగా! ‘వై’కి ఏడు, మళ్లీ ఏడు, ‘జెడ్’కి ఆరు. మొత్తం 20, బీటుకు నాలుగు మాత్రల లెక్కన అయిదు బీట్లు. డ్రమ్మర్ నీల్ పియర్ట్ దాన్ని ఎంత తేలిగ్గా మోస్తాడో వినండి.

మనకు విమానాశ్రయం లేకపోతేనేం, కాజీపేట జంక్షన్ ఉంది. స్టేషన్ కోడ్ కే జెడ్ జే. ‘కే’ గురువు లఘువు గురువు, అచ్చంగా ర గణం, అయిదు మాత్రలు. ‘జెడ్’ ఆరు. ‘జే’ ఒక లఘువు, మూడు గురువులు, ఏడు. కలిపితే 18. నాలుగున్నర బీట్ల చక్రం. ఆ అరబీటు దగ్గర తడబడతారు, అక్కడే మజా.

ఎడమచేతి వాటం వాళ్లెవరైనా ఉన్నారా? ఇంట్లో తిట్లు తిన్నది చాలు. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్‌ది కూడా ఎడమచేతి వాటమే, వాయించింది కుడిచేతి వాళ్లకు అమర్చిన సెట్ మీద. అతని ఫిల్స్ ఎవరికీ అందని దారిలో తిరగడానికి అదొక కారణం. బీటిల్స్ 1969 ఆల్బం ‘ఆబీ రోడ్’లో మొదటి పాట వినండి.

వచ్చే వారం ఒక్కొక్కరు ఒక ఆల్బం ఎంచుకుని రండి. ఫిల్ వాయించి చూపిస్తానంటే కుదరదు. ఏ పాటలో, ఏ చోట ఆ డ్రమ్మర్ వాయించగలిగి కూడా ఊరుకున్నాడో అది చెప్పండి. ఇక స్పీకర్ పెట్టండి తమ్ముడూ, ముందు బోనమ్‌ది.