శివారు గదికి వైఫై

(శ్రీకాకుళంలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. నన్ను పిలిచిన మేస్టారు ఫోన్లో ముందే చెప్పేశారు: "బాబూ, కంప్యూటర్ పాఠాలు వద్దు. నెట్టు రాకపోతే ఏం చెయ్యాలో చెప్పు, చాలు." సరే, అదే చెప్తాను.

పోయిన వేసవిలో అరసవల్లి వైపు ఒకింటికి నెట్టు బాగుచెయ్యడానికి వెళ్లాను. "ఏటయినాదో తెల్దు నాన్నా, పొద్దున్నుంచి నెట్టు లేదు" అన్నారు ఆ ఇంటి పెద్దావిడ. నేను వెళ్లేసరికే మనవడు వైద్యం మొదలెట్టేశాడు. రౌటరు, అంటే వైఫై ఇచ్చే పెట్టె వెనక చిన్న కన్నం ఉంటుంది చూడండి, అందులో పిన్నీసు దూర్చి పది సెకన్లు నొక్కాడట. అసలు తప్పు లోపల లేదు. వీధి స్తంభం నుంచి వచ్చే తీగ మేడ మీద బట్టలారేసే తాడుకి చిక్కుకుని మడత పడింది. మడత తియ్యడానికి ఐదు నిమిషాలు పట్టింది. కానీ పిన్నీసు పోటుకి రౌటరులో ఉన్న యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అన్నీ చెరిగిపోయాయి. కనెక్షన్ ఇచ్చినవాళ్లు వచ్చి అవి మళ్లీ ఎక్కించేసరికి మూడు రోజులు.

అందుకని మొదట ఇది చెప్తున్నాను. రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. స్విచ్చి ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వెయ్యడం రీస్టార్ట్. అది ఎన్నిసార్లు చేసినా నష్టం లేదు. కన్నంలో పిన్నీసు పెట్టడం రీసెట్. దాని జోలికి వెళ్లకండి.

మన జిల్లావాళ్లకి ఇదంతా వివరించడం నాకు చాలా తేలిక. గొట్టా బ్యారేజీలో నీళ్లున్నాయి, మీ మడికి రాలేదు. ఏం చేస్తారు? మడిలో కూర్చుని తవ్వరు కదా. కాలువ గట్టు పట్టుకుని నడుస్తారు. ఎక్కడిదాకా నీళ్లున్నాయి, ఎక్కణ్నుంచి లేవు అని చూస్తారు. తప్పు ఆ రెంటి మధ్యే ఉంటుంది. నేను మీ ఇంటికి వచ్చి చేసేదీ అంతే, గట్టు మీద నడవడం.

నడక రౌటరు లైట్ల దగ్గర మొదలెట్టండి. ఫైబర్ కనెక్షన్ అయితే పాన్ (PON) అని ఒక లైటు, లాస్ (LOS) అని ఒక లైటు ఉంటాయి. పాన్ నిలకడగా పచ్చగా ఉంటే వీధి వైపు నుంచి వెలుతురు వస్తున్నట్టే. లాస్ ఎర్రగా మిణుకుమంటుంటే ఆ వెలుతురు అందడం లేదు. వెలుతురు అని ఊరికే అనలేదు. ఆ తీగలో వెంట్రుకంత గాజుపోగు ఉంటుంది, అందులో నడిచేది నిజంగా వెలుతురే. తీగని బాగా వంచితే వెలుతురు మలుపులో బయటికి జారిపోతుంది. తలుపు సందులో నలిగినా, బీరువా కాలి కింద పడినా ఎర్ర లైటే. తీగ వంపు సరిచేసి చూడండి. అప్పటికీ ఎరుపు పోకపోతే ఇంట్లో ఏం చేసినా లాభం లేదు, కంప్లెయింట్ పెట్టాల్సిందే. "లాస్ ఎర్రగా ఉంది" అని ఆ మాటే చెప్పండి, "నెట్టు రావట్లేదు" అని మాత్రం అనకండి. లాస్ అన్న ఒక్క మాటతో అవతలివాడు నాలుగు ప్రశ్నలు మానేస్తాడు.

లైట్లు బాగున్నాయనుకోండి. ఫోన్లో మొబైల్ డేటా ఆపేసి వైఫైతో చూడండి. ఫోన్లో వచ్చి కంప్యూటర్లో రాకపోతే తప్పు కంప్యూటర్ దగ్గరే ఉంది. రెంటిలోనూ రాకపోతే రౌటరు దగ్గరో, బయటో. ఈ ఒక్క పరీక్ష చెయ్యక నేనూ బుద్ధి తక్కువ పని చేశాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒకాయన కంప్యూటర్ని రోజంతా కూర్చుని ఫార్మాట్ కొట్టి, విండోస్ మళ్లీ ఎక్కించాను. సాయంత్రం చూస్తే మంచం వెనక లాన్ కేబుల్ని, అంటే రౌటరు నుంచి కంప్యూటర్‌కి వచ్చే తీగని, ఎలుక కొరికేసింది. ఆయన మంచివాడు కాబట్టి టీ ఇచ్చి పంపారు.

ఇప్పుడు శివారు గది సంగతి. మన పాత ఇళ్లు మీకు తెలుసు. వీధి గది, నట్టిల్లు, వంటిల్లు, పెరడు, అన్నీ ఒకే వరసలో రైలు పెట్టెల్లా ఉంటాయి. తీగ వీధిలోంచి వస్తుంది కాబట్టి రౌటరు వీధి గదిలోనే పెడతారు, అదీ టీవీ వెనక, ఇనప బీరువా పక్కన. మనవరాలు చదువుకునేది వెనక గదిలో. కాలువ చివరి పొలానికి నీళ్లందనట్టే ఆ గదికి సిగ్నల్ అందదు. ఇనుము సిగ్నల్‌ని అడ్డుకుంటుంది, నీళ్లు పీల్చేసుకుంటాయి. లావాటి గోడ ఒక్కొక్కటీ కొంత తినేస్తుంది. రౌటరుని ఇంటి మధ్యకి, తలకన్నా ఎత్తులో, నలువైపులా ఖాళీగా ఉండేచోటికి మార్చండి. సగం ఇళ్లలో ఇంతకు మించి ఖర్చు అక్కర్లేదు. ఈ మాట చెప్తే నాకు పని పోతుంది, అయినా నిజం.

చాలా రౌటర్లు మీ ఫోన్లో రెండు పేర్లు చూపిస్తాయి, ఒకదాని చివర 5జి అని ఉంటుంది. ఇది సిమ్ కార్డు 5జి కాదు. 5 గిగాహెర్ట్జ్ అని అర్థం. అది వేగం, కానీ గోడలు దాటలేదు. రెండోది 2.4 గిగాహెర్ట్జ్, నిదానం, కానీ దూరం వెళ్తుంది. రౌటరున్న గదిలో మొదటిది, వెనక గదిలో రెండోది వాడండి. మైక్రోవేవ్ పొయ్యి కూడా ఆ 2.4 దగ్గరే పనిచేస్తుంది. అన్నం వేడిచేసిన ప్రతిసారీ వీడియో ఆగిపోతోందని ఒకావిడ చెప్తే ఇంట్లోవాళ్లు నవ్వారట. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

రిపీటరు, అంటే సిగ్నల్‌ని అందుకుని ముందుకి పంపే పెట్టె కొంటే, దాన్ని సిగ్నల్ రాని గదిలో పెట్టకండి. నీళ్లు లేని చోట మోటారు పెడితే ఏం తోడుతుంది? సిగ్నల్ ఇంకా బాగున్నచోట, సగం దూరంలో పెట్టాలి. నన్నడిగితే వెనక గదికి ఒక లాన్ కేబుల్ లాగెయ్యడం అన్నిటికన్నా మేలు.

కంప్యూటర్ గురించి క్లుప్తంగా చెప్తాను. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే అంతా కొత్తగా మొదలవుతుందనుకుంటాం. ఈమధ్య విండోస్‌లలో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంటుంది, దానివల్ల షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు. తిక్కగా ఉన్నప్పుడు రీస్టార్ట్ కొట్టండి. ఏ వెబ్‌సైటు తెరిచినా "సురక్షితం కాదు" అని వస్తుంటే ముందు కింద మూలన తేదీ చూడండి. పాత కంప్యూటర్లో రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. పెన్షన్ కోసం ఆన్‌లైన్లో లైఫ్ సర్టిఫికెట్ పెట్టే రోజుల్లో ఈ చిన్న బిళ్ల కోసం టెన్షన్ పడినవాళ్లని చూశాను. ఇక మరీ నత్తలా నడిచే పాత మెషీన్ ఉంటే పారెయ్యకండి, లోపల హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డి, అంటే దానికన్నా చాలా వేగంగా నడిచే కొత్తరకం డిస్కు వేయించండి. విండోస్ 10కి మామూలు సపోర్టు, అంటే భద్రత కోసం వచ్చే అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది కాబట్టి, అందులో బ్యాంకు పనులు చేసేవాళ్లు మాత్రం ఏదో ఒకటి తేల్చుకోవాలి.

తెర నిండా ఎర్రగా హెచ్చరిక వచ్చి, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అంటే చెయ్యకండి. అది దొంగ. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి చెప్పండి.

చివరిగా తుపాన్ల మాట. 2018 అక్టోబరులో తిత్లీ మనకి నేర్పింది, కరెంటు పోవడం ఒక ఎత్తు, తిరిగి రావడం ఒక ఎత్తు. వచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిరిపడి అడాప్టర్లు పోతాయి. ఉరుములు మొదలైతే రౌటరు ప్లగ్గు పీకెయ్యండి, కంప్యూటర్‌కి వెళ్లే లాన్ కేబుల్ కూడా పీకండి. గాజుపోగులో కరెంటు పారదు గానీ, ఆ రాగి తీగలో పారుతుంది. కొత్త అడాప్టరు కొనేటప్పుడు పాతదాన్ని చేత్తో పట్టుకెళ్లండి. వోల్టులు పాతదానితో సరిగ్గా కలవాలి, ఆంపియర్లు తక్కువ కాకూడదు, ఎక్కువైతే ఫర్వాలేదు.

మూడో వరసలో మేస్టారు ఇందాకటి నుంచి సంచిలో ఏదో పట్టుకుని కూర్చున్నారు. రౌటరే కదండీ? ఇలా తెండి, ముందు లైట్లు చూద్దాం.