కారు అమ్మే ముందు తెరను ఖాళీ చేయండి

సభాధ్యక్షులకు, కాలనీ సంక్షేమ సంఘం పెద్దలకు, సోదర సోదరీమణులకు నమస్కారం. కారులోని తెరను ఎలా వాడాలో చెప్పమని నన్ను పిలిచారు. పాటల సంగతి, ఎఫ్ఎం సంగతి త్వరగా ముగిస్తాను, అవి మనకు పిల్లలే నేర్పుతున్నారు. పాట ఎంచుకోవడమైనా, దారి పెట్టుకోవడమైనా బండి కదలకముందే కానివ్వండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను తెర వైపు చూస్తే బండి 16 మీటర్లకు పైగా దూసుకుపోతుంది.

నేను ముఖ్యంగా చెప్పవలసింది వేరే ఉంది. ఫోన్‌ను బ్లూటూత్‌తో కలిపేటప్పుడు కాంటాక్టులు తీసుకోవచ్చా అని అడిగితే మనం చదవకుండానే సరే అంటాం. దాంతో పేర్లు, నంబర్లు, ఎవరితో ఎప్పుడు మాట్లాడామన్న చిట్టా కారుకు చేరతాయి. ఫోన్‌లోని యాప్‌లను కారు తెర మీద చూపే ఆండ్రాయిడ్ ఆటోలో, ఆపిల్ కార్‌ప్లేలో కనిపించే మ్యాప్‌ను ఫోనే నడిపిస్తుంది కనుక ఫోన్ విడదీయగానే అది పోతుంది గానీ, కారు సొంత నావిగేషన్‌లో దాచిన చిరునామాలు మనం చెరిపేదాకా అక్కడే ఉంటాయి.

మా అబ్బాయికి వాడిన కారు కొన్నాం. నావిగేషన్ తెరిస్తే పాత యజమాని ఇల్లు, ఆయన పాప బడి, ఒక డయాలసిస్ సెంటర్ వరుసగా కనిపించాయి. ముక్కూమొహం తెలియని మనిషి ఇంట్లో ఎవరికి జబ్బో నాకెందుకు తెలియాలి? అమ్మిన డీలరును అడిగితే, "వాడుతూ ఉండండి సార్, అవే పోతాయి" అన్నాడు. పోవు. టైర్లు తుడిచి, సీట్లకు పాలిష్ పెట్టి ఇచ్చినవాళ్లు పాత వివరాలు చెరిపే ఆ ఒక్క మీట నొక్కలేదంటే నాకు ఇప్పటికీ కోపమే.

అమ్మా, అయ్యా, ఇంకొక్క మాట. ఫోన్ యాప్‌తో అనుసంధానమైన కారైతే ఆర్‌సీ పేరు మారినంత మాత్రాన యాప్ ఖాతా మారదు. పాత ఖాతా తొలగించకపోతే, కొన్నవారి బండి ఎక్కడుందో అమ్మినవారి ఫోన్‌లో కనిపించే వీలుంది. ఇంటి ఆడపిల్ల నడిపే బండి విషయంలో ఇది ఎంత ప్రమాదమో ఆలోచించండి.

కారు అమ్మేవారు ముందు యాప్‌లోంచి కారును తొలగించి, తర్వాత తెర మీది సెట్టింగ్స్‌లో ఫ్యాక్టరీ రీసెట్, అంటే దాచిన వివరాలన్నీ చెరిపే పని, చేసి, ఆపైనే తాళాలు ఇవ్వండి. కొనేవారు తాళాలు అందుకున్న చోటే, డీలరు ఎదురుగానే, ఆ రెండూ జరిగాయో లేదో చూసుకోండి. అద్దె కారు తిరిగి ఇచ్చేటప్పుడు జత చేసిన ఫోన్ల జాబితాలోంచి మీ ఫోన్ పేరు తీసేయండి. మీ కారులో రీసెట్ ఎక్కడుందో తెలియనివారు సభ ముగిశాక ఆగండి, పార్కింగ్‌లో ఒక్కొక్క బండి దగ్గరికీ వచ్చి చూపిస్తాను.