మురిగిపోయే ఓట్ల లెక్క

అందరికీ నమస్కారం.

"వాళ్లకి వేస్తే ఓటు మురిగిపోతుంది" అనే మాట మీరందరూ వినే ఉంటారు, ఎప్పుడో ఒకసారి అనే ఉంటారు కూడా. నచ్చిన పార్టీ ఒకటి, గెలిచేలా కనిపించే పార్టీలు వేరే రెండు. ఆ రెండింటిలో ఏది అస్సలు రాకూడదో చూసుకుని, ఇంకోదానికి వేసి బయటికొస్తాం. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఇందులో తప్పు ఓటరుది కాదు, ఓట్లను సీట్లుగా మార్చే లెక్కది. ఇవాళ ఆ లెక్క గురించే మాట్లాడతాను, కాస్త ఓపిక పట్టండి.

ఐదు సీట్లు, లక్ష ఓట్లు, మూడు పార్టీలు అనుకుందాం. మొదటిదానికి 48 వేలు, రెండోదానికి 33 వేలు, మూడోదానికి 19 వేలు. ఐదు నియోజకవర్గాల్లోనూ బలాబలాలు ఇలాగే ఉంటే, ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లే గెలిచే పద్ధతిలో ఐదుకి ఐదూ మొదటి పార్టీవే. వద్దన్న 52 వేల మందికి ఒక్క సీటూ లేదు. ఇప్పుడు అవే ఓట్లను బెల్జియం న్యాయవాది విక్టర్ డోంట్ 19వ శతాబ్దంలో చెప్పిన పద్ధతిలో పంచుదాం. అందరికంటే పెద్ద అంకె 48, మొదటి సీటు వాళ్లది. సీటు వచ్చింది కాబట్టి వాళ్ల ఓట్లను రెండుతో భాగిస్తాం, 24 అవుతుంది. ఇప్పుడు పెద్దది 33, రెండో సీటు రెండో పార్టీకి, వాళ్ల అంకె 16.5కి దిగుతుంది. తర్వాత 24, అంటే మళ్లీ మొదటి పార్టీ. వాళ్లకి రెండు సీట్లయ్యాయి కాబట్టి 48ని మూడుతో భాగిస్తే 16. నాలుగో సీటు 19తో మూడో పార్టీకి. ఐదోదానికి 16కీ 16.5కీ పోటీ, రెండో పార్టీకి దక్కుతుంది. రెండు, రెండు, ఒకటి. ఓట్లు అవే, మనుషులు వాళ్లే. దామాషా ప్రాతినిధ్యం అంటే ఇంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

కాగితం మీద లెక్క కదా అంటారేమో. బ్రిటన్‌లో 2024లో లేబర్ పార్టీకి 33.7 శాతం ఓట్లతో 650లో 411 సీట్లొచ్చాయి. రిఫార్మ్ పార్టీకి 14.3 శాతం వస్తే సీట్లు 5, అంతకంటే తక్కువగా 12.2 శాతం వచ్చిన లిబరల్ డెమోక్రాట్లకు 72. ఆ రిఫార్మ్ పార్టీ విధానాలు నాకు నచ్చవు. అయినా వాళ్లకు ఓటేసినవాళ్లు కూడా మనుషులే, వాళ్లనూ లెక్కలోకి తీసుకోవాల్సిందే.

నాకు బాగా ఇష్టమైన కథ న్యూజిలాండ్‌ది. 1978లో లేబర్ పార్టీకి నేషనల్ పార్టీకంటే ఎక్కువ ఓట్లొచ్చాయి, ప్రభుత్వం మాత్రం నేషనల్‌ది. 1981లో మళ్లీ అదే జరిగింది. ఆ ఏడాది సోషల్ క్రెడిట్ అనే మూడో పార్టీకి 20.7 శాతం ఓట్లు పడితే 92 సీట్లలో దక్కినవి 2. అంటే ఐదుగురిలో ఒకరు వేసిన ఓటు దాదాపు గాలికి పోయింది. 1985లో ఎన్నికల పద్ధతిని పరిశీలించడానికి ప్రభుత్వం ఒక రాయల్ కమిషన్ వేసింది. 1986లో ఆ కమిషన్ మిశ్రమ పద్ధతి తెమ్మని చెప్పింది: ఓటరుకు రెండు ఓట్లు, ఒకటి స్థానిక అభ్యర్థికి, ఒకటి పార్టీకి. ఏ పార్టీకి మొత్తం ఎన్ని సీట్లో ప్రధానంగా పార్టీ ఓటే తేలుస్తుంది.

మరి పాత పద్ధతిలో గెలిచినవాళ్లు ఆ పద్ధతిని ఎందుకు మారుస్తారు? సంస్కరణ ఎక్కడైనా ఆగిపోయేది ఇక్కడే. కెనడాలో 2015 ఎన్నికలే పాత పద్ధతిలో చివరివని మాటిచ్చి గెలిచిన ప్రభుత్వం 2017లో ఆ ఊసే వదిలేసింది. న్యూజిలాండ్‌లోనూ నాయకులు సాగదీశారు, కానీ జనం వదల్లేదు. 1992లో ప్రజాభిప్రాయం అడిగితే 84.7 శాతం మంది మార్చాలన్నారు. 1993లో, గట్టి వ్యతిరేక ప్రచారం మధ్య, 53.9 శాతంతో కొత్త పద్ధతి గెలిచింది. 1996లో కొత్త పద్ధతిలో తొలి ఎన్నికలు జరిగాయి. 2011లో ఇది ఉంచాలా, తీసెయ్యాలా అని మళ్లీ అడిగితే 57.8 శాతం ఉంచమన్నారు. పదిహేనేళ్లు వాడి చూశాక చెప్పిన మాట కాబట్టి నాకు దీని మీదే ఎక్కువ గురి.

దామాషాలో వచ్చే సంకీర్ణాలతో స్థిరత్వం పోతుంది అనేవాళ్ల భయం ఉత్తిది కాదు. బెల్జియంలో 2010 ఎన్నికల తర్వాత కొత్త ప్రభుత్వం ఏర్పడడానికి 541 రోజులు పట్టింది. ఇజ్రాయెల్‌లో 2019 నుంచి 2022 లోపు ఐదుసార్లు ఎన్నికలు జరిగాయి. న్యూజిలాండ్‌లో కూడా 1996లో బేరసారాలు దాదాపు రెండు నెలలు నడిచాయి, అందరికీ టెన్షనే. కానీ దామాషా ఉన్న జర్మనీలో 1949 నుంచి ఇప్పటిదాకా ఛాన్సలర్లు, అంటే ప్రభుత్వాధినేతలు, పదిమందే. ఏకపార్టీ మెజారిటీ ఉన్న బ్రిటన్ 2022 ఒక్క ఏడాదిలోనే ముగ్గురు ప్రధానులను చూసింది. కాబట్టి స్థిరత్వాన్ని ఒక్క ఎన్నికల పద్ధతికే అంటగట్టడం సరికాదు.

నాకు అభ్యంతరం ఉన్నది వేరేచోట. దేశమంతా ఒకే నియోజకవర్గంగా, పార్టీ ఇచ్చిన జాబితాకే ఓటేసే పద్ధతి నాకు నచ్చదు. జాబితాలో ఎవరు పైన, ఎవరు కింద అన్నది అధినేత చేతిలోకి పోతుంది, మన కష్టం చెప్పుకోవడానికి ఫలానా సభ్యుడు అంటూ ఎవరూ ఉండరు. అందుకే నా ఓటు మిశ్రమ పద్ధతికి. ఐర్లండ్‌లో 1922 నుంచి వాడుతున్న పద్ధతీ మంచిదే. అక్కడ ఓటరు అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2, 3 అని రాస్తాడు, ఒకరి దగ్గర అక్కరకు రాని ఓటు తర్వాతివాళ్లకు వెళ్తుంది. దాన్ని రద్దు చేద్దామని ప్రభుత్వం 1959లో, 1968లో అడిగితే జనం రెండుసార్లూ వద్దన్నారు.

ఏ పద్ధతి తెచ్చినా కనీస ఓట్ల శాతం దగ్గర జాగ్రత్తగా ఉండాలి. సీట్లు రావాలంటే ఇన్ని శాతం దాటాలి అనే గీత అది. టర్కీలో 2022 దాకా ఆ గీత 10 శాతం దగ్గర ఉండేది. 2002లో దాదాపు 45 శాతం ఓట్లు గీత దాటని పార్టీలకు పడ్డాయి, 34 శాతం వచ్చిన పార్టీ 550లో 363 సీట్లు పట్టుకుపోయింది. పేరుకి దామాషా, మురిగిపోవడం మాత్రం పాత పద్ధతిని మించి. గీత బొత్తిగా లేకపోతే సభ ముక్కచెక్కలవుతుంది, నిజమే, కానీ 3, 4 శాతం చాలని నా అభిప్రాయం. న్యూజిలాండ్‌లో అది 5. 4కి తగ్గించమని 2012లో ఎన్నికల కమిషన్, 3.5కి తగ్గించమని 2023లో స్వతంత్ర సమీక్ష బృందం సిఫార్సు చేశాయి. ఇంకా తగ్గించలేదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. డోంట్ లెక్క మళ్లీ వేసి చూపించమన్నా చూపిస్తాను.