పై గాలి వాళ్ళది, కింద నేల వీళ్ళది

అందరికీ నమస్కారం. మన తెలుగు సంఘం పెద్దలకు, పులిహోర కలిపిన అక్కలకు దండాలు. బ్యాంకు ఖాతాలు, ఇన్సూరెన్సుల గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు చెప్పేశారు కాబట్టి నేను డ్రోన్ల సంగతి ఎత్తుకుంటాను.

మే నెల వస్తే చాలు, మనవాళ్ళు గ్రాడ్యుయేషన్ గౌన్లు, టోపీలు వేసుకుని ఫొటోలకి లైబ్రరీ ముందు చేరతారు. ఒకడు బ్యాగులోంచి డ్రోన్ తీస్తాడు. "249 గ్రాములేరా, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అంటాడు. సరదాకి ఎగరేస్తేనే నాయనా ఆ మినహాయింపు! తీసిపెట్టినందుకు యాభై డాలర్లు పుచ్చుకున్నావా, అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ పెట్టిన పార్ట్ 107 కిందికి వచ్చావు, అంటే సరదాకి కాని డ్రోన్ల రూలు కిందికి. బరువెంతైనా రిజిస్ట్రేషన్ ఉండాలి, 60 ప్రశ్నల పరీక్షలో 70 శాతం రావాలి. డబ్బు తీసుకోకుండా మన సంఘం ప్రచారానికి వీడియో తీసినా అంతే, అది సరదా లెక్కలోకి రాదు.

పిర్కర్ కథ చెప్పకుండా వదల్లేను. 2011లో వర్జీనియా యూనివర్సిటీ క్యాంపస్‌లో రాఫెల్ పిర్కర్ అనే అతను రిమోట్‌తో నడిచే చిన్న ఫోమ్ విమానం ఎగరేసి, మెడికల్ సెంటర్ ప్రచారం కోసం వీడియో తీశాడు. బళ్ళు తిరిగే సొరంగంలోంచి పోనిచ్చాడని, పేవ్‌మెంటు మీద నిలబడ్డ మనిషి పక్కకి తప్పుకోవాల్సొచ్చిందని ఎఫ్ఏఏ ఆరోపణ. జరిమానా 10,000 డాలర్లు! డ్రోన్లకంటూ పార్ట్ 107 అప్పటికి లేదు, అది 2016లో వచ్చింది. 2014 మార్చిలో జడ్జి కేసు కొట్టేశాడు. నవంబరులో అప్పీలు విన్న పైబోర్డు ఆ తీర్పు తిరగేసింది, ఇదీ విమానమేనంది. చివరికి 2015లో 1,100 డాలర్లకు రాజీ, తప్పు ఒప్పుకోకుండానే. రూలు లేనప్పుడే అంత పీకులాట, ఇప్పుడు మీరే ఆలోచించండి.

"పరీక్ష పాసయ్యానన్నా" అంటారా? గాలి ఎఫ్ఏఏది, మీరు కాలు మోపిన నేల యూనివర్సిటీది. లైసెన్సు చూపించినా ఇక్కణ్ణుంచి ఎగరెయ్యొద్దనే హక్కు దానికుంది. బతుకమ్మకి డ్రోన్ ఎగరేస్తానని నేనూ యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టాను. ఇన్సూరెన్స్ కాగితం అడిగారు, ఇచ్చాను. మ్యాపు అడిగారు, గీసిచ్చాను. అనుమతి ఎప్పుడొచ్చిందో తెలుసా? బతుకమ్మలు నీళ్ళల్లో కలిశాక! నవ్వకండి, నాకింకా మంటే.

ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు ఒక్కమాట వినండి. ఆ యాభై డాలర్లు అనుమతి లేని పని కిందికి రావచ్చు. అప్పుడు పోయేది డ్రోన్ కాదు, వీసా స్టేటస్.

అన్నట్టు శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది. మన స్టేడియంలో 30,000కి పైనే సీట్లు. అంత పెద్ద స్టేడియం కాబట్టి ఆటకు గంట ముందు నుంచి, అయిపోయిన గంట దాకా చుట్టూ 3 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్లు, డ్రోన్లు నిషేధం. మీ హాస్టళ్ళన్నీ అందులోనే. మిగతా సందేహాలు భోజనాల దగ్గర అడగండి.