ఏడు కన్నాల లెక్క: కొత్త పడవను నీళ్లలో దించే ముందు

అందరికీ నమస్కారం. నా వెనకాల ట్రైలర్ మీద ఉన్నదే మన కొత్త పడవ. పొడవు 21 అడుగులు, ఫైబర్ బాడీ, ఒక తెరచాప కొయ్య. లోపల ఇద్దరు కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. చేతులు కడుక్కోవడానికి చిన్న సింక్ కూడా ఉంది. వెనక 6 హెచ్‌పీ అవుట్‌బోర్డ్ మోటారు. అడుగున కీల్ ఉంటుంది, అంటే నీళ్లలోకి దిగే బరువైన రెక్క. దీన్ని పైకి లాక్కోవచ్చు కాబట్టి పడవ ట్రైలర్ మీద కూర్చుంటుంది.

ఫ్యాక్టరీ నుంచి వచ్చింది కదా, ఇంకేముంది, తీసుకెళ్లి వదిలేయడమే అని నేనూ అనుకున్నా. విశాఖపట్నం ఎండాడలో మా ఖాళీ స్థలంలో టార్పాలిన్ విప్పుతుంటే పెదజాలారిపేట నుంచి మా తాత వరసయ్యే ఆయన వచ్చాడు. యాభై ఏళ్లు తెప్ప మీద వేటకెళ్లిన మనిషి. పడవ చుట్టూ తిరిగాడు. మెరుపు చూడలేదు, సీట్లు చూడలేదు. కిందికి వంగి అడుగున చెయ్యి పెట్టి తడిమాడు. తర్వాత, "ఏటి బాబూ, దీనికి కన్నాలెన్నున్నాయో లెక్కెట్టావా?" అన్నాడు.

నాలుగు తాతా అన్నా. కూర్చునే చోటి నుంచి వాన నీళ్లు పోయే కన్నాలు రెండు, సింక్‌ది ఒకటి, లోతు చూపించే సెన్సార్‌ది ఒకటి. ఆయన ఇంకో చుట్టు తిరిగి ఏడన్నాడు. కీల్ వేలాడే బోల్టు పడవను ఈ పక్క నుంచి ఆ పక్కకి చీల్చుకుని వెళ్తుంది, దానికి రెండు కన్నాలు. ఇక ఏడోది, వెనక అడుగున నీళ్లు తీసేసే డ్రెయిన్ ప్లగ్. నీళ్లు పోవడం కోసమే పెట్టిన కన్నాన్ని నేను లెక్కలో వేయలేదు!

కాబట్టి ఈ వీడియోలో మన పని ఆ ఏడూ. మిగతావి కూడా చెప్తాను, కానీ అవి తర్వాత.

కెమెరా కొంచెం లోపలికి తీసుకురండి. సింక్ కింద, ఈ మూల. ఈ కుళాయిని సీకాక్ అంటారు. పడవ అడుగున ఉన్న కన్నానికి ఇదే తలుపు. హ్యాండిల్ పైపుకి వరసలో ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. చేత్తో తిప్పి చూడండి. కొత్తదైనా బిగుసుకుపోయి ఉండొచ్చు. ఇది కంచుదా ఇత్తడిదా అని అమ్మినవాళ్లను తప్పకుండా అడగండి. పూర్ణా మార్కెట్ వైపు ప్లంబింగ్ షాపుల్లో దొరికే ఇత్తడి వాల్వ్ ఇంట్లో బాత్రూమ్‌కి భేషుగ్గా ఉంటుంది. సముద్రపు నీళ్లలో మాత్రం ఇత్తడిలోని జింక్ మెల్లగా కరిగిపోతుంది. పైకి రంగు కాస్త ఎర్రబడుతుంది, లోపల బిస్కెట్‌లా పెళుసవుతుంది. ఒకరోజు హ్యాండిల్ తిప్పితే వాల్వ్ మొత్తం చేతిలోకి వస్తుంది. సముద్రానికి కంచుదో, పడవల కోసమే చేసిన గట్టి ప్లాస్టిక్‌దో ఉండాలి.

ఇప్పుడు దీనికి తగిలించిన పైపు చూడండి. పైపు మీద క్లిప్పులు రెండు ఉండాలి. ఈ పడవకి ఒక్కొక్కటే వేసి పంపారు. ఇంకోటి ఇక్కడే ఒక షాపులో కొన్నాను. స్టెయిన్‌లెస్సే అన్నారు. మా మేడ మీద ఒక చెంబుడు ఉప్పు నీళ్లలో వేసి వదిలేస్తే వారానికల్లా స్క్రూ తుప్పు పట్టింది. పట్టీ మాత్రం మెరుస్తూనే ఉంది! పట్టీ స్టెయిన్‌లెస్, స్క్రూ మామూలు ఇనుము. చవక క్లిప్పుల్లో ఇదే మోసం. 316 అని రాసి ఉన్నవి, స్క్రూతో సహా స్టెయిన్‌లెస్ అయినవి తెచ్చుకోండి. ప్రతి కన్నం పక్కన దాని సైజుకి సరిపడే మెత్తటి చెక్క బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచండి. పైపు ఊడితే బిరడా దిగ్గొట్టడమే, అప్పుడు వెతుక్కునే టైమ్ ఉండదు.

సరే, కన్నాలు బిగిశాయి. నిజంగా బిగిశాయో లేదో తెలిసేదెలా? దీనికి నాకు నచ్చిన పద్ధతి చెప్తా. పడవను నీళ్లలో పెట్టే ముందు నీళ్లను పడవలో పెట్టండి. డ్రెయిన్ ప్లగ్ బిగించి, లోపల అడుగున పైపుతో ఒక 100 లీటర్లు పోయండి. అంతకు మించొద్దు, 100 లీటర్లంటే 100 కిలోలు, ట్రైలర్ మీద ఆ బరువు పడుతుంది. ఇప్పుడు బయటికి వచ్చి కింద ప్రతి కన్నం చుట్టూ పొడి ముగ్గుపిండి అద్దండి. అవును, ముగ్గుపిండే. కంటికి ఆనని చెమ్మ కూడా ముగ్గుపిండి మీద బూడిద రంగు మచ్చలా తేలిపోతుంది. గంటసేపు వదిలేసి టీ తాగి రండి. కీల్ బోల్టు ఎత్తులో ఉంటుంది, లోపలి నీళ్లు అక్కడిదాకా అందవు. ఆ ఒక్కటి ఈ పరీక్షలో తేలదు, గుర్తుంచుకోండి.

ఇక అడుగు భాగానికి రంగు. పడవ ఎప్పుడూ ట్రైలర్ మీదే ఉండి, ఆదివారం దిగి సాయంత్రం పైకి వచ్చేస్తే ఈ రంగు అక్కర్లేదు, డబ్బు మిగుల్చుకోండి. నీళ్లలోనే కట్టి ఉంచుతామంటే మాత్రం తప్పదు. మన వేడి నీళ్లలో గుల్లలు పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు. ఫిషింగ్ హార్బర్‌లో ఒడ్డుకి లాగిన ఏ బోటు అడుగైనా చూడండి, మీకే అర్థమవుతుంది.

కొత్త పడవకు రంగు వేసేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది. ఫైబర్ పడవను అచ్చులోంచి ఊడదీయడానికి అచ్చుకి మైనం పూస్తారు. ఆ మైనం పడవకు అంటుకుని వస్తుంది. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా పొరలు పొరలుగా లేచిపోతుంది. ఇదిగో చూడండి, ఇక్కడ గ్లాసుతో నీళ్లు చల్లుతున్నా. తామరాకు మీద బొట్టుల్లా ముత్యాలు ముత్యాలుగా జారిపోతున్నాయి కదా? మైనం ఉన్నట్టు. ఈ పక్క నేను నిన్న మైనం తీసే సాల్వెంట్‌తో తుడిచాను. ఇక్కడ చల్లితే నీళ్లు పలచగా పరుచుకుంటున్నాయి. అంటే మైనం పోయింది. తుడిచే గుడ్డ మాటిమాటికీ మార్చండి, లేకపోతే మైనాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి పూస్తున్నట్టే. ముందు మైనం తీయాలి, ఆ తర్వాతే 80 నంబరు గరుకు కాగితం. ముందే రుద్దితే మైనం గీతల్లోకి దిగి కూర్చుంటుంది. రుద్దేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు మర్చిపోకండి.

తర్వాత ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత, దాని మీద గుల్లలు పట్టనివ్వని రంగు రెండు పూతలు. నీటి గీత దగ్గర, కీల్ ముందు అంచుకి, చుక్కానికి మూడో పూత. రాపిడి ఎక్కువ ఉండేది అక్కడే. మన ఊరి ఎండలో ఎపాక్సీ మొత్తం ఒకేసారి కలపొద్దు. నేను డబ్బా నిండా కలిపాను, సగం కూడా పూయకముందే డబ్బా పొగలు కక్కింది. ఐస్‌క్రీమ్ కప్పు అంత కలుపుకోవాలి, అది అయ్యాక ఇంకో కప్పు. పొద్దున్నే మంచు తడి ఆరాక మొదలుపెట్టి, ఎండ ముదిరే లోపు ఆపేయండి.

ఈ బూడిద రంగు ముద్ద జింక్. దీన్ని కదపొద్దు, దీని మీద రంగు అస్సలు వేయొద్దు. ఉప్పు నీళ్లలో రెండు రకాల లోహాలు కలిసి ఉంటే బ్యాటరీలా పనిచేసి ఒకటి తినేయబడుతుంది. ఆ తినేసేదేదో ముందు జింక్‌ని తిననివ్వాలని దీన్ని పెడతారు. రంగు పూస్తే నోరు కట్టేసినట్టే, అప్పుడు మోటారు కాలుని, అంటే నీళ్లలో మునిగే భాగాన్ని తింటుంది. రాగి ఉన్న రంగు అల్యూమినియం మోటారు కాలుకి తగలకూడదు కూడా.

మోటారు విషయం తొందరగా చెప్పేస్తా. చాలా కొత్త మోటార్లు ఆయిల్ లేకుండానే పెట్టెలో వస్తాయి. స్టార్ట్ చేసే ముందు ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూడండి. డ్రమ్ములో మంచినీళ్లు పోసి, మోటారు కాలు ముంచి తిప్పండి. వెనక చిన్న కన్నం నుంచి సన్నటి ధార రావాలి. రాకపోతే వెంటనే ఆపేయండి, చల్లబరిచే నీళ్లు అందడం లేదు. మొదటి 10 గంటలు ఎలా నడపాలో దాని పుస్తకంలో రాసి ఉంటుంది, అది చదవండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాల్లోని తేమను లాగేస్తుంది. సముద్రం పక్కన ఇంక చెప్పాలా! ట్యాంకులో నెలల తరబడి పెట్రోల్ ఉంచకండి. నీళ్లు వేరుచేసే ఫిల్టర్ ఒకటి పెట్టించండి.

పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. పడవ అడుగుకి దిగి అక్కడే ఉంటుంది, బయటికి పోదు. స్టవ్ గ్యాస్ కూడా అంతే. 2023 నవంబరులో మన ఫిషింగ్ హార్బర్‌లో ఒక రాత్రి పడవలు ఎలా తగలబడ్డాయో ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. మంటలార్పే సిలిండర్ స్టవ్ పక్కన కాదు, తలుపు దగ్గర ఉండాలి. స్టవ్ మండుతుంటే దాని పక్కకి చెయ్యి ఎలా పెడతారు?

నీళ్లు తోడే పంపుకి వైరు మెయిన్ స్విచ్‌తో పని లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి, దాని సొంత ఫ్యూజుతో ఉండాలి. మనం తాళం వేసి ఇంటికెళ్లినా అది పనిచేయాలి కదా. ఆ తేలే స్విచ్‌ని చేత్తో పైకెత్తండి. గుయ్‌మందా? చాలు.

తెరచాప కొయ్యను ఖాళీ స్థలంలోనే ఒకసారి నిలబెట్టి చూసుకోండి. నిలబెట్టే ముందు పైకి చూడండి, కరెంటు తీగలున్నాయేమో. కొయ్య అల్యూమినియం, ఇంక నేను చెప్పక్కర్లేదు. కొయ్యను పట్టి ఉంచే తీగల చివర ప్రతి బోల్టుకీ స్ప్లిట్ పిన్ను ఉందా, కాళ్లు విడదీసి ఉన్నాయా, పైన టేపు చుట్టారా చూడండి. టేపు చుట్టకపోతే ముందు మీ కాలిపిక్క చిరుగుతుంది, తర్వాత తెరచాప.

లంగరు. లోతు 4 మీటర్లు, నీటి మీద నుంచి పడవ ముక్కు ఎత్తు 1 మీటరు, మొత్తం 5. దానికి ఏడింతలు, అంటే 35 మీటర్ల తాడు వదలాలి. పోటు వస్తే లోతు పెరుగుతుంది, అది కూడా కలుపుకోండి. తాడు రెండో చివర పడవకి కట్టారా? నవ్వకండి. ఒకసారి స్నేహితుడి పడవలో రుషికొండ ఎదురుగా నేనే లంగరు వేశా. తాడు సర్రున జారింది, బాగా దిగుతోంది అనుకుంటూ చూస్తున్నా. చివర కూడా నా కళ్ల ముందే దిగిపోయింది. లంగరు ఇప్పటికీ అక్కడే ఉంది.

ఎప్పుడు దించాలి? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. మరబోట్లన్నీ ఒడ్డున రిపేర్లలో ఉంటాయి. ఆ రోజుల్లో ఫైబర్ పనివాళ్లు, మెకానిక్‌లు మీ ఫోన్ ఎత్తడం కష్టం. అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలం. హుద్‌హుద్ ఈ ఊరి మీదికి వచ్చింది 2014 అక్టోబర్ 12న. నా లెక్కలో జనవరి నుంచి మార్చి దాకా పొద్దుటి పూట బాగుంటుంది. కెరటాల సూచన ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాళ్లు ఇస్తారు. ఆఫీసు హైదరాబాద్‌లో. సముద్రం లేని ఊళ్లో కూర్చుని మన సముద్రం సంగతి చెప్తారు, పైగా బాగా చెప్తారు. డాల్ఫిన్స్ నోస్ కొండ కింద హార్బర్ ముఖద్వారం పెద్ద ఓడలకీ నేవీకీ దారి. అది మన ప్రాక్టీస్ గ్రౌండ్ కాదు. ఎక్కడ దించాలన్నా పోర్టు, మెరైన్ పోలీసుల దగ్గర ముందే అడిగి అనుమతి తీసుకోండి. లైఫ్ జాకెట్లు ఒంటి మీద ఉండాలి, సీటు కింద కాదు. కోస్ట్ గార్డ్ నంబరు 1554, రేడియో ఉంటే ఛానల్ 16.

ఇప్పుడు మనం ర్యాంపు దగ్గర ఉన్నాం. వచ్చి అరగంటైంది, కావాలనే ఆగాం. దారిలో ట్రైలర్ చక్రాల బేరింగులు వేడెక్కుతాయి. వేడి మీద నీళ్లలో ముంచితే ఉప్పు నీళ్లు లోపలికి పీల్చుకుంటాయి. చెయ్యి పెట్టి చూశా, చల్లబడ్డాయి. ట్రైలర్ లైట్ల ప్లగ్ పీకేశాం. కీల్ పైకెత్తి లాక్ చేశాం. డ్రెయిన్ ప్లగ్ బిగించాం, తాత కూడా ఒకసారి తిప్పి చూశాడు. పోటు మొదలైన వేళ చూసుకుని వచ్చాం. పడవ అడుగు ఎక్కడైనా నేలకి తట్టుకున్నా పెరిగే నీళ్లే లేపుతాయి. నీళ్లు తగ్గే పాటులో తట్టుకుంటే మళ్లీ పోటు దాకా కూర్చోవాలి.

మెల్లగా... మెల్లగా... తేలింది! ముందు కొక్కేనికి వించ్ తాడు, అంటే పడవను ట్రైలర్ మీదికి లాగే చక్రం తాడు అలాగే ఉంది, విప్పొద్దు. తేలగానే విప్పేసి ఫోటోలు దిగడం కాదు. ఏడు కన్నాల కిందా ఏడు న్యూస్‌పేపర్ ముక్కలు పెట్టాను. పది నిమిషాలు ఆగి లోపలికి వెళ్లి చూస్తాం.

ఒకటి, పొడి. రెండు, పొడి. సింక్ కింద, పొడి. సెన్సార్, పొడి. డ్రెయిన్ ప్లగ్, పొడి. కీల్ బోల్టు కుడి పక్క, పొడి. ఎడమ పక్క... మూల కొంచెం తడిసింది. మనం పరీక్షకి పోసిన మంచినీళ్లు ఎక్కడైనా మిగిలి జారాయేమో. తేల్చుకోవడం తేలికే. వేలు అద్ది నాలుక మీద పెట్టుకోవడమే.

ఉప్పగా ఉంది. తాతా, వించ్ తిప్పుదామా? పైకి లాగేద్దాం.