బరువు నడుం మీదకి దించండి
(శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కబోయే యువకుల కోసం పర్లాకిమిడిలో చేసిన ప్రసంగం)

పెద్దలకీ, అమ్మలకీ, కొండెక్కబోతున్న పిల్లలకీ నమస్కారం. పేరుపేరునా చెప్పాలనే ఉంది. నాకంటే ముందు ముగ్గురు చెప్పేశారు, నాకిచ్చిందేమో పావుగంట.

మొన్న మా వీధి కుర్రాడు ఫోన్ పట్టుకొచ్చి, "మావయ్యా, ఇది హంటింగ్ బ్యాగట, ఎంత బరువైనా మోస్తుందట, కొనీమంటావా?" అన్నాడు. వాడికి చెప్పాల్సింది మీ అందరికీ చెబుదామని వచ్చాను.

అమెరికాలో లైసెన్సు తీసుకుని వేటకెళ్తారు. ఎల్క్ అని పెద్ద దుప్పి ఉంటుంది. దాన్ని కొట్టాక మాంసం ముక్కలు చేసి, నాలుగైదు విడతల్లో కొండ దించుకోవాలి. అందుకని ఆ బ్యాగుకి వీపు వైపు గట్టి చట్రం పెడతారు. చట్రానికీ సంచికీ మధ్య బరువు ఇరికించడానికి చోటుంటుంది. మనకి 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, వేట నేరం. కానీ ఆ చోట్లో నీళ్ల క్యాను పెట్టుకోవచ్చు, బియ్యం మూట పెట్టుకోవచ్చు. కాబట్టి బ్యాగు మంచిదే. అయితే ఖాళీదే రెండున్నర, మూడు కిలోలు తూగుతుంది. ఒక్క రాత్రి మకాంకి అంత అక్కర్లేదు.

బియ్యం మూట అన్నాను కదా, ఆ సంగతి చెప్పకుండా ముందుకెళ్లలేను.

2018 అక్టోబర్ 11. తిత్లీ తుఫాను. పలాస దగ్గర తీరం దాటి మన మీదకొచ్చింది. కొండచరియలు విరిగిపడి మన గజపతి జిల్లాలో ఎంతమంది పోయారో మీకు తెలుసు. దార్లు తెగిపోయాయి. పై ఊళ్లకి బియ్యం మోసుకెళ్లాలి. సాయం చేస్తామని వచ్చినవాళ్లు, వాళ్లెవరో చెప్పను, మాకు సంచులు పంచారు. చూడ్డానికి బాగున్నాయి, కొత్తవి. భుజానికి రెండు సన్నటి పట్టీలు, నడుంకి ఏమీ లేదు. కుట్టు ఒకే వరస.

మా అక్క కొడుకు మనిషి యాభై రెండు కిలోలు. వీపు మీద పాతిక కిలోల బియ్యం. సగం ఎక్కేసరికి కుడి పట్టీ కుట్టు వదిలేసింది. తాడు కట్టుకుని మళ్లీ ఎక్కాడు. పైన సవర ఆడమనిషి ఒకావిడ గ్లాసుతో టీ ఇచ్చింది. వాడు చెయ్యి చాపాడు గానీ వేళ్లు ముడుచుకోలేదు. గ్లాసు జారి కింద పడింది. చొక్కా విప్పి చూస్తే భుజం మీద రెండు వేళ్ల వెడల్పున నల్లగా కమిలిన చార. పట్టీ నొక్కి నొక్కి చేతికెళ్లే నరాలు దెబ్బతిన్నాయన్నాడు డాక్టరు. బరువు మోసే సైనికులకి కూడా ఇలాగే అవుతుందట. ఆ చెయ్యి మామూలవడానికి రెణ్ణెల్లు పట్టింది.

ఆ సంచులు కొన్నవాళ్లు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అందులో పది కిలోలు వేసుకుని మా కొండెక్కి ఉంటే! అమ్మా, రేపు మీ పంచాయితీలో గానీ, సంఘంలో గానీ సంచులు కొంటామంటే అడగండి: నడుం పట్టీ ఉందా? ఈ ఒక్క మాట అడగండి.

నడుం పట్టీ అంటున్నాను, ఇంగ్లీషు పేర్లు చెప్పడం లేదు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. సవరల దగ్గరికెళ్లి వాళ్ల మాట నేర్చుకున్న మనిషి. మనం మాట్లాడుకునే మాటే రాయమని పోరాడారు. ఆయన ఊళ్లో నిలబడి నడుంని నడుం అనకపోతే ఎలా? సరే, బ్యాగు దగ్గరికొద్దాం.

బ్యాగులో ఎన్ని లీటర్లు పడుతుందో చూసి కొనకండి, రంగు చూసి అసలే కొనకండి. మీ వీపు పొడుగు కొలవండి. తల వంచితే మెడ కింద ఒక ఎముక పొడుచుకొస్తుంది. అక్కణ్ణుంచి తుంటి ఎముకల పైఅంచు ఎత్తు దాకా వెన్ను వెంబడి టేపు పెట్టండి. ఒకే ఎత్తున్న అన్నదమ్ములకి కూడా ఈ కొలత తేడా వస్తుంది. బ్యాగు కొలత దీనికి సరిపోకపోతే పట్టీ పొట్ట మీదో తొడల మీదో పడుతుంది, ఎంత ఖరీదు పెట్టినా దండగే.

కొట్లో ఖాళీ బ్యాగు తగిలించుకుని అద్దంలో చూసుకుంటే ఏం తెలుస్తుంది? పది, పన్నెండు కిలోలు వేయమనండి. ముందు నడుం పట్టీ తుంటి ఎముకల మీద బిగించండి. తర్వాతే భుజం పట్టీలు. ఆ పైన, భుజం నుంచి బ్యాగు తలకి వెళ్లే చిన్న పట్టీలుంటాయి, వాటిని కొంచెం లాగండి, చాలు. ఛాతీ పట్టీ చివర్న. అప్పుడు భుజం పట్టీ కింద వేలు దూర్చి చూడండి. సులువుగా దూరితే బరువు నడుం మీదకి దిగినట్టు. ఓ ఇరవై నిమిషాలు నడవండి, కొట్టువాడు విసుక్కున్నా సరే.

సర్దేటప్పుడు దుప్పటి అడుగున. బియ్యం, నీళ్లు వీపుకి ఆనించి మధ్యలో. బరువు వెనక్కి వేలాడిందంటే మనిషి ముందుకి వంగిపోతాడు. మొత్తం కలిపి మీ ఒంటి బరువులో నాలుగో వంతు దాటనివ్వొద్దు. మా వాడికి లెక్క ప్రకారం పదమూడు కిలోలు రావాలి, పాతిక మోశాడు. ఎవరూ లెక్క చెప్పలేదు వాడికి. నేనూ చెప్పలేదు, నాకప్పుడు తెలీదు.

మహేంద్రగిరి 1,501 మీటర్లు. భీముడి గుడి దగ్గరికెళ్లి దణ్ణం పెట్టుకోవడానికి రెండు చేతులూ బాగుండాలి.

టేపు తెచ్చాను. బయట వసారాలో ఇసుక సంచీ, కాటా ఉన్నాయి. వెనక వరసలో నీలం చొక్కా బాబూ, నువ్వు రా ముందు. చెప్పులు విప్పి ఇలా నిలబడు. తల వంచు.