తోటకి గమ్‌బూట్లు: కొనేటప్పుడు ఏం చూడాలి, కొన్నాక ఎట్లా చూసుకోవాలి

తమ్ముడు: అందరికీ నమస్కారం అండి. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ శని ఆదివారాలు గౌరిబిదనూరు, హిందూపురం వైపు తోటలకి పోయేవాళ్లు మన వినేవాళ్లలో చాలామందే ఉన్నారు, వానలు మొదలైనప్పట్నుంచీ అందరూ అడుగుతున్నది ఒకటే, గమ్‌బూట్లు ఏవి కొనాలి అని. అందుకే అక్కని పిలిచాను, హిందూపురం దగ్గర తోట చూసుకుంటారు. అక్కా, అసలు చెప్పులు చాలవా అనేవాళ్లకి ఏం చెప్తారు?

అక్క: చాలవు నాయనా, అస్సలు చాలవు. శెనక్కాయ చేలో, గడ్డి వాముల దగ్గర రక్తపింజర, కట్లపాము తిరగడం మన వైపు కొత్తేం కాదు కదా. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో 12 లక్షల మంది చనిపోయారని అంచనా, ఏడాదికి సగటున 58 వేలు, అందులో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే, అంటే సరిగ్గా మనం దుక్కి, కలుపు అని బురదలో తిరిగే నెలలు. కాటు ఎక్కువగా పడేది పాదం మీద, చీలమండ దగ్గర. అక్కడ మందపాటి రబ్బరు ఉందనుకో, చాలావరకు ఆగిపోతుంది. పాము ఒక్కటేనా, ముళ్లు, గాజుపెంకులు, ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్లు, కాలికి చిన్న గాయం ఉన్నా ఎలుక జ్వరం అట్లానే వస్తుంది.

తమ్ముడు: అయితే షాపుకి పోయాం అక్కా. అన్నీ నల్లగా ఒకేలా ఉంటాయి.

అక్క: ఒకేలా ఉంటాయి కానీ ఒకటి కావు. మన షాపుల్లో ఎక్కువ దొరికేది పీవీసీ, అంటే ఒక రకం ప్లాస్టిక్, మొత్తం అచ్చులో ఒకే ముక్కగా పోస్తారు, అతుకు ఉండదు కాబట్టి నీళ్లు దూరవు, చవక, పశువుల కొట్టంలో పేడ, ఉచ్చ తగిలినా తట్టుకుంటుంది. హిల్‌సన్ కంపెనీ బూట్లు లాంటివి ఈ రకమే. ఇంకోటి అచ్చమైన రబ్బరు, దాన్ని ముక్కలు ముక్కలుగా ఒకదాని మీద ఒకటి వేసి వేడిలో ఉడికించి గట్టిపరుస్తారు, బరువుంటుంది, ధర కూడా చాలా ఎక్కువ, కానీ మెత్తగా వంగుతుంది, తడి రాయి మీద పట్టు బాగుంటుంది. నన్నడిగితే నెలకి నాలుగు రోజులు తోటకి పోయేవాళ్లకి మంచి పీవీసీ చాలు, రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేసుకునేవాళ్లకే రబ్బరు కావాలి, కాలు నొప్పి తేడా తెలుస్తుంది.

తమ్ముడు: మంచి పీవీసీ అని ఎట్లా తెలుస్తుంది?

అక్క: చేతిలోకి తీసుకో. వేళ్లు వంగే చోట, బూటు ముందు భాగం, అక్కడ రెండు చేతులతో గట్టిగా వంచి చూడు. తెల్లగా గీతలు పడి అట్లానే ఉండిపోతే వదిలెయ్, రేపు పగిలేది అక్కడే. వదలగానే మళ్లీ మామూలైపోతే మంచిదే. తర్వాత అడుగు తిప్పి చూడు, పళ్లు లోతుగా ఉండాలి, ఒకదానికొకటి దూరంగా ఉండాలి, దగ్గర దగ్గరగా ఉంటే మన ఎర్రమట్టి ఇరుక్కుపోయి రెండు అడుగులేసేసరికి అడుగంతా నున్నగా అయిపోతుంది, ఇంక జారడమే. ఐఎస్ఐ గుర్తు చూడు, పీవీసీ బూట్లకి ఐఎస్ 12254, రబ్బరువాటికి ఐఎస్ 5557 అని ఉంటుంది. ఎత్తు మోకాలి కింద దాకా ఉన్నదే తీసుకో, పొట్టివి ఇంటి ముందు మొక్కలకి నీళ్లు పట్టడానికి సరిపోతాయి అంతే. లోపల పల్చటి గుడ్డ లైనింగ్ చాలు, చలిదేశాల కోసం చేసిన నియోప్రీన్, అంటే స్పాంజిలాంటి రబ్బరు, లైనింగ్ ఉన్నవి మనకొద్దు, ఆ వేడికి కాలు ఉడికిపోతుంది.

తమ్ముడు: బ్రిటిష్ వాళ్ల వెల్లింగ్టన్ బూట్లు అంటారే, అవి ఇవేనా?

అక్క: ఆ వంశమే. ఆ వెల్లింగ్టన్ ఎవరనుకున్నావ్, 1799లో శ్రీరంగపట్నంలో టిప్పు మీద యుద్ధానికి వచ్చిన ఆర్థర్ వెల్లస్లీనే, తర్వాత వెల్లింగ్టన్ డ్యూక్ అనే బిరుదు వచ్చింది. ఆయన వేయించుకున్నది దూడ తోలు బూటు, పెద్దింటి వాళ్ల సరుకు. రబ్బరుతో చెయ్యడం తర్వాతి సంగతి, గుడ్‌ఇయర్ అనే ఆయన రబ్బరుని గట్టిపరిచే పద్ధతి కనిపెట్టాక, 1853లో హచిన్సన్ అనే అమెరికన్ ఫ్రాన్స్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు, అక్కడి రైతులు అప్పటిదాకా చెక్క చెప్పులతో పొలంలో దిగేవాళ్లంట. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో నీళ్లలో నిలబడి సిపాయిల కాళ్లు కుళ్లిపోతుంటే ఎడిన్‌బరా కంపెనీ ఒకటి దాదాపు 12 లక్షల జతలు చేసిచ్చింది, ఇప్పుడు హంటర్ అని అమ్మేది ఆ కంపెనీ నుంచి వచ్చిందే. నాకు దీంట్లో నచ్చేది ఏందంటే, రబ్బరు బూటు మొదట్నుంచీ బురదలో పనిచేసేవాళ్ల వస్తువు. మన దగ్గర మాత్రం తోట ఓనరు బూట్లేసుకుని గట్టు మీద నిలబడతాడు, కలుపు తీసే ఆడవాళ్లు ఉత్త కాళ్లతో చేలో ఉంటారు. ఇది నాకు అస్సలు నచ్చదు.

తమ్ముడు: కొంతమంది షెడ్డులో నాలుగైదు జతలు పెడతారు కదక్కా, ఎవరికి కావాలంటే వాళ్లు వేసుకోమని.

అక్క: పెడతారు, ఎవరూ వేసుకోరు, వాళ్లకి అలవాటు లేదు సార్ అంటారు. అలవాటు కాదు, సైజు. అన్నీ తొమ్మిదో నంబరు మగవాళ్ల బూట్లు కొనిపెడితే అయిదో నంబరు కాలున్న ఆమె ఎట్లా నడుస్తుంది? మడమ లేస్తుంది, పిక్క ఒరుసుకుంటుంది, బురదలో బూటు అక్కడే ఉండిపోయి కాలు పైకొస్తుంది. ఎవరి కాలికి వాళ్లది కొనాలి. న్యూస్‌పేపరు మీద నిలబెట్టి పెన్సిల్‌తో రెండు కాళ్లూ గీసుకో, ఆ పేపరు షాపుకి పట్టుకుపో. సాయంత్రం గీస్తే మంచిది, పొద్దంతా తిరిగితే కాలు కొంచెం ఉబ్బుతుంది. వీటిలో సగం సైజులు దాదాపు దొరకవు, మధ్యలో పడితే పెద్దది తీసుకుని లోపల ఒక ఇన్‌సోల్, అంటే పాదం కింద పరిచే మెత్త, వెయ్. ఇంకా మోకాలి దాకా వచ్చే కాటన్ సాక్సులు మనిషికి రెండు జతలు తప్పకుండా ఇవ్వాలి, సాక్సు లేకుండా గమ్‌బూటు వేసుకుంటే చెమటకి అరగంటలో చర్మం లేచిపోతుంది.

తమ్ముడు: కొన్నాం, వాడాం, ఇంటికొచ్చాం. తర్వాత?

అక్క: ముందు విప్పడం. ఒక కాలితో ఇంకో మడమ తొక్కి లాగేస్తారు చూడు, మడమ చినిగేది దానికే. చెక్క పలకకి వంకీలాగ కోత పెట్టి ఇమ్మంటే ఏ వడ్రంగైనా చేసిస్తాడు, మడమ దాంట్లో ఇరికించి కాలు లాగితే సరి. మట్టి ఆరకముందే మామూలు నీళ్లతో కడిగెయ్యాలి, వేడినీళ్లు వద్దు. ఎండలో పెట్టొద్దు, మేడ మీద ఆరేస్తారు మనవాళ్లు, ఎండకి రబ్బరు సన్నగా పగుళ్లు వేస్తుంది, పీవీసీ బిరుసెక్కుతుంది. లోపల తడిసిందా, న్యూస్‌పేపరు ఉండలు చేసి బొటనవేలు దాకా కుక్కు, రెండు గంటలకి అవి తీసేసి కొత్తవి పెట్టు, ఆ మొదటి ఉండలు చేత్తో పిండితే నీళ్లు కారతాయి, అంత తాగుతాయి. తర్వాత రెండు కర్రలు పాతి వాటి మీద బోర్లించు, నీడలో, గాలాడేటట్టు. ఇన్‌సోల్ బయటికి తీసి విడిగా ఆరెయ్యి. వాసనొస్తే రాత్రికి కొంచెం వంటసోడా చల్లి పొద్దున దులిపెయ్. తడి బూటే మళ్లీ వేసుకుంటే వేళ్ల సందుల్లో ఒరిసిపోయి పుండ్లు పడతాయి, జాగ్రత్త.

తమ్ముడు: రబ్బరు బూటు మీద తెల్లగా బూజులాగ వస్తుంది, పాడైనట్టా?

అక్క: కాదు కాదు, అది బూజు కాదు. రబ్బరులో కలిపిన మైనం లాంటివి పైకి తేలతాయి, అచ్చమైన రబ్బరుకి అది మామూలే. తడిగుడ్డతో తుడిచి కొంచెం సిలికాన్ స్ప్రే కొడితే పోతుంది. కొబ్బరినూనె, కిరసనాయిలు మాత్రం పుయ్యొద్దు, మెరుస్తుంది కానీ రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. స్ప్రేయర్‌లో పోసే పెట్రోలు ఒలికినా వెంటనే కడిగెయ్. చిల్లు పడితే రబ్బరు బూటుకి సైకిల్ పంక్చరు ప్యాచీ, సొల్యూషన్ పట్టుకుంటుంది, పీవీసీకి అది పట్టదు, పీవీసీ గమ్ము వేరే అడగాలి. పైభాగం మడతపెట్టి గోనెసంచిలో కుక్కొద్దు, మడత పడ్డచోటే చీలుతుంది.

తమ్ముడు: వేసుకునే ముందు చూసుకోవాల్సింది?

అక్క: తలకిందులు చేసి రెండుసార్లు నేలకి కొట్టు, ప్రతిసారీ. తేలు, జెర్రి చీకటి బూటు చూస్తే వదలవు. చెయ్యి మాత్రం లోపల పెట్టొద్దు. ప్యాంటు వానలో బూటు మీదకి వదిలెయ్, లేకపోతే నీళ్లన్నీ లోపలికే కారతాయి, గడ్డిలో జలగలుంటే లోపలికి దోపుకో. ఇంకోటి, బూటు ఉంది కదా అని మోటారు స్టార్టరు దగ్గర తడిలో ధైర్యం చెయ్యొద్దు, కరెంటు పనికి వేరే బూట్లు ఉంటాయి. పారే వాగులోకి కూడా దిగొద్దు, నీళ్లు నిండితే కాలు ఎత్తలేవు.

తమ్ముడు: బెంగళూరులో ఎక్కడ చూడమంటారు?

అక్క: ఎస్‌జేపీ రోడ్డులో హార్డ్‌వేరు, సేఫ్టీ సామాన్ల షాపులు వరసగా ఉంటాయి, ఆడవాళ్ల సైజులు కూడా అడిగితే లోపల్నుంచి తీసిస్తారు. ఆదివారం చాలావరకు మూసుంటాయి, శనివారం పొద్దున్నే పో, ఆ గీసుకున్న పేపర్లు మర్చిపోకు, ఒక్కోదాని మీద పేరు రాసుకో.